సిగ్నల్ కోసం ఒడ్డుకొచ్చిన ఓడ: వకాషియో సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

తెన్నేటి గట్టు

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో నిన్న ఒక ఫార్వర్డ్ తిరిగింది. 2020లో మారిషస్ దగ్గర జపాన్ వాళ్ల ఓడ ఒకటి, లోపల పుట్టినరోజు పార్టీ చేసుకుంటూ, తాగి పడిపోయి, ఫోన్ సిగ్నల్ కోసం ఒడ్డు దాకా వచ్చి రాళ్లెక్కిందట. సముద్రమంతా నూనె అయిపోయిందట. కింద నవ్వే బొమ్మలు పది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. అదే ఏడాది అక్టోబరులో వాయుగుండానికి మా తెన్నేటి పార్కు దగ్గర బంగ్లాదేశ్ ఓడ 'మా' కొట్టుకొచ్చింది. నేను చూడటానికి వెళ్లాను, విశాఖ సగం వెళ్లింది. ఇంధనం తోడేశారు, పదిహేను మంది సిబ్బందీ క్షేమం. రెస్టారెంటు చేస్తామన్నారు, ఆ మాట మాటగానే మిగిలింది. మాకు అది ఫొటోలు దిగే చోటు, అంతే. అక్కడ మారిషస్‌లో మాత్రం అంత నష్టం ఎందుకు జరిగింది?

ఇంకో అనుమానం. ఆ ఓడ ఖాళీగా వెళ్తోందని చదివాను. ఖాళీ ఓడలో నూనె ఎక్కడిది? మా అక్క కొడుకు మర్చంట్ నేవీ అంటున్నాడు, అందుకే ఈ టెన్షన్.

గుంటూరు ఘాటు

మామూలుగా గట్టెక్కడం అంటే కష్టం తీరడం. ఓడకి మాత్రం గట్టెక్కడమే కష్టం. నా వంతు అయిపోయింది, తెలిసినవాళ్లు రండి.

సెకండ్ మేట్

బల్క్ క్యారియర్ల మీద, అంటే ఖనిజం, బొగ్గు లాంటి విడి సరుకు మోసే ఓడల మీద, తొమ్మిదేళ్లు చేశాను, కాబట్టి నేను చెప్తాను.

ఖాళీ అంటే సరుకు లేదని అర్థం. చైనా నుంచి బ్రెజిల్‌లోని టుబరావు రేవుకి వెళ్తోంది, సరుకు అక్కడ ఎక్కించుకోవాలి. అప్పటిదాకా ట్యాంకుల్లో సముద్రపు నీళ్లు నింపుకుని, అంటే బల్లాస్ట్ మీద, నడుస్తుంది. కానీ ఇంజిన్‌కి ఇంధనం కావాలి కదా. దాన్ని మేం బంకర్ అంటాం. వకాషియో పొడవు దాదాపు 300 మీటర్లు. అంత ఓడ చైనా నుంచి బ్రెజిల్ వెళ్లాలంటే తాగేది తక్కువేం కాదు. మెరక ఎక్కే సమయానికి అందులో సుమారు 3,800 టన్నుల ఫ్యూయల్ ఆయిల్, 200 టన్నుల డీజిల్ ఉన్నాయి. సముద్రంలోకి పోయింది దాదాపు వెయ్యి టన్నులు.

ఇక పార్టీ కథ. పార్టీ జరిగిన మాట నిజమే. తాగి పడిపోవడం మాత్రం ఆ మెసేజ్ రాసినవాడు వేసిన మసాలా. అసలు జరిగింది అంతకంటే మామూలు విషయం, అందుకే నాకు ఎక్కువ భయం.

మొదట వేసుకున్న దారి ప్రకారం ఓడ ద్వీపానికి 22 నాటికల్ మైళ్ల దూరంగా, అంటే 40 కిలోమీటర్లు పైగా ఎడంగా పోవాలి. ప్రమాదానికి రెండు రోజుల ముందు ఆ 22ని 5 చేశారు. జులై 25న ఆ 5ని 2 చేయబోయారు. రెండు మైళ్లంటే 4 కిలోమీటర్లు కూడా లేదు. ఓడను నడిపించిన మిత్సుయి ఓఎస్‌కే లైన్స్ కంపెనీయే 2020 డిసెంబరులో ఈ సంగతి బయటపెట్టింది. తర్వాత జపాన్ రవాణా భద్రతా బోర్డు కూడా ఫోన్ సిగ్నల్ అందే దూరానికి రావడానికే అలా చేశారని తేల్చింది.

దానికి తోడు అంత దగ్గరగా వెళ్లేటప్పుడు వాడాల్సిన పెద్ద స్కేలు చార్ట్, అంటే వివరమైన సముద్ర పటం, వాళ్ల దగ్గర లేదు. చిన్న స్కేలు చార్టులో లోతులు, రాళ్లు, పగడపు దిబ్బలు సరిగ్గా కనిపించవు. దేశపటం పట్టుకుని సందులో ఇల్లు వెతికినట్టుంటుంది. రాత్రి ఏడున్నర కావస్తుండగా పాయింట్ డెస్నీ దగ్గర దిబ్బ ఎక్కింది. బ్రిడ్జ్ మీద, అంటే ఓడ నడిపే గదిలో, కళ్లతోనూ రాడార్‌తోనూ కాయాల్సిన కాపలా సరిగ్గా కాయలేదు.

ఉప్పాడ వల

అన్నా, సిగ్నల్ కోసం 300 మీటర్ల ఓడని ఒడ్డుకి తెస్తారా? మా నాన్న సిగ్నల్ కోసం డాబా ఎక్కుతాడు. మీకు ఓడల్లో నెట్ ఉండదా?

సెకండ్ మేట్

తమ్ముడూ, ఉంటుంది. అప్పట్లో చాలా ఓడల్లో నెలకి ఇన్ని ఎంబీలని కొలిచి ఇచ్చేవాళ్లు. వీడియో కాల్ మాట అటుంచు, వాయిస్ మెసేజ్ పోవడానికే చాయ్ తాగి రావచ్చు.

ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోవాలి. అది 2020. కోవిడ్ వల్ల రేవుల్లో దిగనివ్వలేదు. ఒప్పందం అయిపోయినా ఇంటికి వెళ్లలేక ఓడల్లోనే ఉండిపోయినవాళ్లు ఒక దశలో ప్రపంచమంతా కలిపి 4 లక్షల మంది. ఆ ఓడలో 20 మంది: ముగ్గురు మనవాళ్లు, ఒక శ్రీలంక ఆఫీసరు, మిగతా 16 మంది ఫిలిప్పీన్స్ వాళ్లు. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చిందో, ఎవరు ఆసుపత్రిలో ఉన్నారో తెలియని రోజులవి. నేను ఆ ఏడాది వేరే ఓడలో పదమూడు నెలలు ఉన్నాను. మా అమ్మమ్మ పోయిన సంగతి నాలుగో రోజుకి తెలిసింది.

చేసింది ఒప్పని అనడం లేదు. చార్ట్ లేకుండా ఒడ్డుకి పోవడం తప్పే, క్షమించడానికి వీల్లేని తప్పు. ఆ ఫార్వర్డ్‌లో నవ్వే బొమ్మలు చూసి రాయాలనిపించింది.

గుంటూరు ఘాటు

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఒకటడుగుతా, తప్పుగా అనుకోవద్దు. అమ్మతో మాట్లాడాలని లారీ డ్రైవర్ రాంగ్ రూట్‌లో వచ్చి పదిమందిని గుద్దితే, పాపం అమ్మ కోసం కదా అని వదిలేస్తామా? అక్కడ చేపలు పట్టుకునేవాడికీ అమ్మ ఉంటుంది.

సెకండ్ మేట్

వదిలేయలేదు. కెప్టెన్ మనవాడే, అతన్నీ ఆ శ్రీలంక ఆఫీసరునీ 2020 ఆగస్టు 18న అరెస్టు చేశారు. 2021 డిసెంబరులో కోర్టు ఇద్దరికీ 20 నెలల శిక్ష వేసింది. దాదాపు 16 నెలలు అప్పటికే రిమాండులో గడిపారు. నా ప్రశ్నల్లా ఒక్కటే. 5 మైళ్లు అని దారి మార్చిన రోజు ఎందుకని అడిగే మనిషి కంపెనీ ఆఫీసులో ఒక్కడైనా ఉండాలా వద్దా?

కొరంగీ మనవరాలు

నమస్కారం. నేను మారిషస్ నుంచి. చాలా రోజులుగా ఇక్కడ చదువుతూ ఉంటాను, రాయడం ఇదే మొదలు. నా తెలుగు బడిలో నేర్చుకున్నది, తప్పులుంటే సర్దుకోండి. మా ముత్తాత తండ్రి చెరుకు తోటల పనికి కోరంగి రేవులో ఓడ ఎక్కాడని ఇంట్లో చెబుతారు. ఇక్కడ ఒకప్పుడు మా తెలుగువాళ్లని కొరంగీలు అనేవారు, నా పేరు అందుకే.

మా పిన్ని ఇల్లు మహేబూర్గ్‌లో, ఆ ఓడ ఆగిన చోటికి దగ్గర. మీరంతా ఓడ లోపల ఏం జరిగిందో మాట్లాడుతున్నారు. బయట ఏం జరిగిందో నేను రాస్తాను.

మొదటి పన్నెండు రోజులు ఏమీ కాలేదు. అదే మాకు ఇప్పటికీ మింగుడు పడని సంగతి. జులై 25 నుంచి ఆగస్టు 6 దాకా ఆ ఓడ అలా నిలబడే ఉంది. బీచ్‌లోంచి చూస్తే ఎవరో అపార్ట్‌మెంటు కట్టి వదిలేసినట్టు ఉండేది. పిల్లలు ఫొటోలు తీసుకున్నారు. అంతా అదుపులో ఉందన్నారు, నమ్మాం. అది మాకు చలికాలం, ఆగ్నేయం నుంచి పెద్ద అలలు వస్తాయి. ప్రతి అలకీ ఓడ దిబ్బ మీద రాసుకుంటూనే ఉంది.

ఆరో తేదీన పిన్ని ఫోన్ చేసి "వాసన వస్తోంది" అంది. అంతే అంది. మేం వెళ్లేసరికి నీళ్లు నల్లగా ఉన్నాయి. మా లగూన్, అంటే పగడపు దిబ్బకీ ఒడ్డుకీ మధ్య ఉండే సముద్రం, నీళ్ల రంగు పోస్టు కార్డుల మీద చూసి ఉంటారు. ఆ రంగు లేదు. అల కూడా అల లాగా విరగలేదు, బరువుగా కదిలింది.

ప్రభుత్వం మర్నాడు పర్యావరణ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. జనం ఎవరి కోసమూ ఆగలేదు. చెరుకు కోతల కాలం కాబట్టి పొలాల్లో ఎండిన చెరుకు ఆకు ఉంది. లారీల్లో తెచ్చి పోశారు. గుడ్డ గొట్టాల్లా కుట్టి, అందులో ఆకు కూరి, తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి, నూనెను నీళ్ల మీదే ఆపే అడ్డుకట్టలు, అంటే బూమ్‌లు చేశాం. నేను మూడు రోజులు సూది దారం పట్టుకుని కూర్చున్నాను. పక్కన ఒక ముసలాయన, జాలరి, నా కుట్టు చూసి విప్పించి మళ్లీ కుట్టించాడు. క్షౌరశాలల్లో జుట్టు ఉచితంగా కత్తిరించి పంపారు, జుట్టు నూనెను పట్టుకుంటుందని. మా అన్నయ్య గుండు చేయించుకున్నాడు. తిరుపతి వెళ్లకుండానే మొక్కు తీరిందన్నాడు.

మధ్యలో ఈ పని నిపుణులకు వదిలేసి వెళ్లిపొమ్మని చెప్పారు. ఎవరూ వెళ్లలేదు.

ఆ ఏడాది మార్చి నుంచి కోవిడ్ కోసం సరిహద్దులు మూసేశారు. టూరిస్టు లేడు, హోటల్ లేదు, పడవ షికారు లేదు. చాలా ఇళ్లకి మిగిలిన ఆధారం చేపే. తర్వాత ఆ లగూన్‌లో వేట కూడా ఆపేశారు.

తెన్నేటి గట్టు

అమ్మా, ఇదంతా మాకు తెలియదు. పేపర్లో ఒక ఫొటో చూసి పేజీ తిప్పేశాం. ఉగాది అక్కడ సెలవని విన్నాను, నిజమేనా?

కొరంగీ మనవరాలు

నిజమే, దేశమంతటికీ సెలవు. పచ్చడి కూడా చేస్తాం. వేపపువ్వు దొరకని ఏడు నేనేం వేస్తానో మాత్రం అడగకండి.

తారు డబ్బా

రిఫైనరీలో ల్యాబు పని నాది. అందరూ 'నూనె' అంటున్నారు కాబట్టి ఒక మాట. ఇది మామూలు ముడి చమురు కాదు, పాత నల్ల ఫర్నేస్ ఆయిలూ కాదు. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గాలని అంతర్జాతీయ నియమం వచ్చింది. అందుకోసం రకరకాల నూనెలు కలిపి తయారుచేసిన కొత్త ఇంధనం ఇది. గాలికి మంచిదే. నీళ్లలో పడితే ఏమవుతుందో పెద్ద ఎత్తున అంతకుముందు ఎవరూ చూడలేదు. ఈ రకం ఇంధనం ఇంత భారీగా ఒలకడం వకాషియోతోనే మొదలు.

నమూనాలు పరీక్షించినవాళ్లు పాత ఇంధనంతో పోలిస్తే విషపూరితమైన ఆరోమాటిక్ పదార్థాలు తక్కువే ఉన్నాయన్నారు. అయితే తక్కువ విషం అంటే విషం లేదని కాదు. మడచెట్టుకి రసాయనం సంగతి తర్వాత, ముందు ఊపిరి ఆడదు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే ఆ వేళ్లు గాలి పీల్చే వేళ్లు. వాటికి జిగురు పూసినట్టు అంటుకుంటే చెట్టు మెల్లగా పోతుంది. రాళ్ల మీద పడేదాన్ని తుడవచ్చు, మడ అడవిలో దూరిన దాన్ని తుడవడానికి మనిషి దిగితే తొక్కుడుకే వేళ్లు విరుగుతాయి.

ఉప్పాడ వల

ఈ మాట వింటే నాకు వణుకొస్తోంది. మా కాకినాడ పక్కన కోరింగ మడ అడవి ఉంది. రేవు బయట ఓడలు వరుసగా లంగరు వేసి ఉంటాయి, రాత్రి చూస్తే ఇంకో ఊరు లాగా లైట్లు. మా పీతలు, రొయ్య పిల్లలు అన్నీ ఆ మడలోనే పుడతాయి.

2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు మా మేనమామ చెన్నైలో వేటకి పోయేవాడు. ఆ తారుని బకెట్లతో ఎత్తారు, టీవీలో మీరూ చూసి ఉంటారు. మామయ్య వలలు మూడు పనికి రాకుండా పోయాయి. పరిహారం అని కాయితాలు రాయించుకున్న ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి మానేశాడు. నూనె కంటే ఎక్కువగా, చేప మంచిదే అన్నా ఎవరూ కొనకపోవడం దెబ్బ కొట్టిందని చెప్పేవాడు.

మారిషస్ వాళ్లకి డబ్బులొచ్చాయా అక్కా?

లెక్కల మాస్టారు

ఈ డబ్బుల సంగతి నేను చెప్తాను, తిక్కగా ఉంటుంది, ఓపిక పట్టండి.

ఆయిల్ ట్యాంకర్ మునిగి సరుకు నూనె ఒలికితే దానికి ప్రత్యేకమైన అంతర్జాతీయ నిధి ఉంది, పరిహారం పెద్దగానే ఉంటుంది. వకాషియో ట్యాంకర్ కాదు. ఒలికింది సొంత ఇంధనం. దానికి 2001 నాటి బంకర్ ఒప్పందం వర్తిస్తుంది. ఓడ యజమాని బాధ్యుడు, బీమా తప్పనిసరి, అంతవరకు బాగుంది. కానీ ఎంతవరకు కట్టాలన్న హద్దు వేరే ఒప్పందాల్లో ఉంది, ఆ హద్దు నష్టాన్ని బట్టి కాదు, ఓడ టన్నేజీని, అంటే ఓడ ఎంత పెద్దదన్నదాన్ని, బట్టి.

అందులోనూ రెండు రకాలు. 1976 నాటి పాత ఒప్పందం, 1996లో పెంచిన సవరణ. మారిషస్ పాతదాంట్లో ఉండిపోయింది, జపాన్ కొత్తదాంట్లో ఉంది. పాత లెక్కన ఆ ఓడకి గరిష్ఠంగా సుమారు 1.8 కోట్ల డాలర్లు, కొత్త లెక్కన 6.5 కోట్ల డాలర్లని అప్పట్లో పత్రికలు లెక్కగట్టాయి. ఒకే ఓడ, ఒకే నూనె, అవే చేపలు.

ఇక ఆ ఓడ ఎవరిదో చూడండి. యజమాని నాగషికి షిప్పింగ్, జపాన్. అద్దెకి తీసుకుని నడిపింది మిత్సుయి, అదీ జపానే. జెండా పనామాది. సిబ్బంది మూడు దేశాల వాళ్లు. ఒలికింది ఇంకో దేశంలో. ఎవరిని పట్టుకోవాలో తెలియాలంటేనే ఒక లాయరు కావాలి. చట్టం ప్రకారం మిత్సుయి బాధ్యురాలు కాదు, అయినా మారిషస్ కోసం కొన్నేళ్లలో సుమారు 100 కోట్ల యెన్లు ఇస్తామని ప్రకటించింది.

గుంటూరు ఘాటు

అంటే ఆర్టీసీ బస్సు గుద్దితే, మన కాలు ఎంత విరిగిందని కాకుండా బస్సు బరువెంత అని చూసి డబ్బులిస్తారన్నమాట. బాగుంది మాస్టారూ.

లెక్కల మాస్టారు

ఉపమానం మోటుగా ఉంది కానీ తప్పు పట్టలేను.

సెకండ్ మేట్

తెన్నేటి గట్టు గారూ, మీరు మొదట అడిగిందానికి ఇంకో సగం జవాబు బాకీ ఉన్నాను. 'మా' చిన్న ఓడ, పొడవు 80 మీటర్లు. కొట్టుకొచ్చాక పగిలి ఒలక్కముందే తోడగలిగారు. వకాషియోలో ఇంధనం ట్యాంకుకి, సముద్రానికి మధ్య ఉన్నది ఒకటే పొర. 2010 ఆగస్టు తర్వాత యజమాని చేతికొచ్చే ఓడల్లో ఇంధనం ట్యాంకులకీ రెండో గోడ ఉండాలని నియమం వచ్చింది. వకాషియో 2007లో కట్టింది, కాబట్టి మినహాయింపు. కుడి పక్క ట్యాంకు పగలగానే నూనె నేరుగా బయటికి. అలాంటి పాత ఓడలు నేను చేశాను, ఇంకా తిరుగుతున్నాయి.

పన్నెండు రోజుల సంగతికి వస్తే, ఆ అలల్లో పక్కన ట్యాంకర్ నిలబెట్టి తోడటం తేలిక కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా పగిలాక వారం లోపలే మిగతా నూనె, 3 వేల టన్నుల దాకా, తోడేశారు. అంటే పూర్తిగా అసాధ్యమేమీ కాదన్నమాట. ఆ తేడా ఎందుకొచ్చిందన్నది నాకూ అడగాలనే ఉంది.

కొరంగీ మనవరాలు

మేమూ అదే అడిగాం. ఆగస్టు 29న పోర్ట్ లూయిస్ వీధులన్నీ నల్ల బట్టలే. నా జీవితంలో అంత జనాన్ని చూడలేదు.

ఓడ ఆగస్టు 15న రెండు ముక్కలైంది. పెద్ద ముక్కని దూరంగా లాక్కెళ్లి 24న ముంచేశారు. తర్వాత రెండు రోజులకి మెలన్ హెడెడ్ తిమింగలాలు, చూడటానికి డాల్ఫిన్‌ల లాగే ఉంటాయి, చచ్చి ఒడ్డుకు రావడం మొదలైంది. నూనె వల్లా, ముంచడం వల్లా, ఇంకేదైనానా అని ఇప్పటికీ మా ఇంట్లో వాదనే. నేను దాని జోలికి పోను. నెలాఖరు రాత్రి ఆ పని మీద తిరుగుతున్న టగ్, ఓడల్ని లాగే పడవ, ఒకటి, బార్జ్‌ని లాక్కుని వస్తూ మునిగింది. అందులో నలుగురు పోయారు. వకాషియో కథ చెప్పేవాళ్లు వాళ్లని మర్చిపోతుంటారు.

మాస్టారూ, తమ్ముడూ, డబ్బులు కొంత వచ్చాయి. ఎవరికెంత అన్నది ఊరికో కథ. మా పిన్ని వాళ్ల వీధిలోనే మూడు కథలున్నాయి, పేర్లు రాస్తే రేపు నన్ను ఇంటికి రానివ్వరు.

మీ ఇండియా కోస్ట్ గార్డ్ వాళ్లు పదిమంది వచ్చారు, విమానంలో 30 టన్నుల సామాను తెచ్చారు, నూనె ఎత్తే స్కిమ్మర్లు, బూమ్‌లు. ఆ కోస్ట్ గార్డ్ వాళ్లలో ఒకతన్ని మా పిన్ని తెలుగులో పలకరించింది. అతను హిందీలో "తమిళా?" అని అడిగాడట.

గుంటూరు ఘాటు

అక్కడికి పోయినా తప్పలేదా తల్లీ మనకి.

తారు డబ్బా

వకాషియోలో మిగిలిన నూనె తోడటానికి వాడిన ట్యాంకర్లలో ట్రెస్టా స్టార్ అనేది ఒకటి. 2022 ఫిబ్రవరిలో బట్సిరాయ్ తుఫానుకి పక్కనున్న రీయూనియన్ దీవిలో అదే మెరక ఎక్కింది. పదకొండు మందిని కాపాడారు. వైద్యం చేయడానికొచ్చినవాడికి అదే జబ్బు.

మోడరేటర్

చర్చ బాగా నడుస్తోంది. ఒక మాట: ఆ కెప్టెన్ ఊరు, కులం ఆరా తీస్తూ రాసిన రెండు పోస్టులు తీసేశాను. మళ్లీ వేస్తే ఖాతా ఆపేస్తాను.

తెన్నేటి గట్టు

ఆ ఫార్వర్డ్ పంపినాయనకి ఈ చర్చ లింకు పెట్టాను. చూశాడు, నీలం టిక్కులొచ్చాయి, జవాబు లేదు. మా అక్క కొడుక్కి కూడా పంపాను. వాడి మొదటి ప్రశ్న: "ఇప్పుడు ఓడల్లో నెట్ ఎలా ఉంది మావయ్యా?"

సెకండ్ మేట్

శాటిలైట్ నెట్ వచ్చాక చాలా ఓడల్లో బాగా మారింది. వకాషియో తర్వాత మిత్సుయి కూడా తన ఓడల్లో నెట్ పెంచుతామంది. కానీ చేరేముందు వాడు కంపెనీని అడగాల్సింది నెట్ ఒక్కటే కాదు. ఒప్పందం ఎన్ని నెలలు, అయిపోయాక రిలీవర్, అంటే మన బదులు వచ్చే మనిషి, ఎన్నాళ్లకి వస్తాడు అని అడగమనండి. నాకు మెసేజ్ చేయమనండి, మాట్లాడతాను.

ఉప్పాడ వల

కొరంగీ అక్కా, ఆ చెరుకాకు బూమ్ ఎంత పొడవు కుట్టారు? గుడ్డ ఏది వాడారు? మాకు ఇక్కడ చెరుకు తక్కువ, వరిగడ్డి బోలెడు. గడ్డి పనికొస్తుందా, నీళ్లు పీల్చి మునిగిపోతుందా?

కొరంగీ మనవరాలు

చేతికి దొరికిన గుడ్డ వాడాం తమ్ముడూ, కానీ నీళ్లు దూరేలా ఉండాలి, వల లాంటిది మంచిది. ఆకు గట్టిగా కూరకూడదు, ఆ ముసలాయన నాచేత విప్పించింది అందుకే. వరిగడ్డి సంగతి నాకు తెలియదు, ఒక బకెట్ నీళ్లలో వేసి చూడు. పిన్ని ఇంట్లో నూనె తాకని బూమ్ ముక్క ఒకటి ఇంకా గరాజ్‌లో పడి ఉంది. ఇక్కడిప్పుడు రాత్రి. రేపు వెలుగులో కొలిచి ఫొటో తీసి పెడతాను.

తారు డబ్బా

గడ్డిని డీజిల్ కలిపిన నీళ్లలో వేసి ఎంతసేపు తేలుతుందో నేను ల్యాబులో చూస్తాను. ఆదివారం దాకా టైమివ్వండి.